ప్రమాద బీమా: రుజువు భారం ఎవరి మీద?

ఏడాదికోసారి బ్యాంకు ఖాతాలోంచి 20 రూపాయలు వాటంతటవే పోతాయి. ప్రమాదంలో మనిషి చనిపోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. 2015 మేలో 12 రూపాయల ప్రీమియంతో మొదలై, 2022 జూన్‌లో 20 రూపాయలకు పెరిగిన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన గురించి మన వాడల్లో చాలామందికి తెలిసింది ఇంతే. చవకైన పథకమే, కాదనను. కానీ క్లెయిము దగ్గర అడిగే రుజువులు ఎవరి చేతిలో ఉంటాయన్న ప్రశ్నను విశ్వవిద్యాలయాల్లో ఉన్న మనం గట్టిగా వేయాల్సి ఉంది. క్లెయిము ఫారంలో కులం గడి ఉండదు. అయినా ఆ రుజువులు తెచ్చుకునే దారిలో కులం అడుగడుగునా ఎదురవుతుంది.

జీవిత బీమాలో మనిషి చనిపోయాడా అన్నది ప్రధానం. ప్రమాద బీమాలో ఎలా చనిపోయాడన్నది ప్రధానం. రోడ్డు, రైలు ప్రమాదాలు, నీట మునగడం లాంటివైతే పోలీసులకు తెలియజేసి ఉండాలి. పాము కాటు, చెట్టు మీంచి పడటం లాంటివైతే వెంటనే చేరిన ఆసుపత్రి రికార్డు కావాలి. వినడానికి సబబుగానే ఉంటుంది. మరి తెల్లవారుజామున పొలంలో పాము కరిచి, ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయిన కూలీకి ఆ రికార్డు ఎక్కడి నుంచి వస్తుంది?

కోర్టులు కూడా రుజువు భారాన్ని క్లెయిము చేసినవారి మీదే పెట్టాయి. బైకు నడుపుతుండగా గుండెపోటు వచ్చి పడిపోయి చనిపోయిన ఒక వ్యక్తి కేసులో, ప్రమాదం వల్ల తగిలిన గాయమే మరణానికి నేరుగా కారణమని చూపలేదు కాబట్టి ప్రమాద బీమా సొమ్ము రాదని 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం ప్రకారం ఆ తర్కాన్ని నేను అర్థం చేసుకోగలను. అదే తర్కాన్ని మే నెల ఎండలో ఉపాధి హామీ పనిలో కుప్పకూలిన మనిషికి వర్తింపజేసి చూడండి. అది వడదెబ్బా, గుండెపోటా? ఆ తేడా తేల్చే డాక్టరు గానీ, పోస్టుమార్టం గానీ ఆ కుటుంబానికి అందుబాటులో ఉండవు. కాగితం మీద ఏ మాట పడితే ఆ మాటే వాళ్ల బతుకును నిర్ణయిస్తుంది.

మాటల ఆట ఎంత దూరం వెళ్తుందో సఫాయి కార్మికుల మరణాలు చెబుతాయి. పాకీపని వల్ల ఎవరూ చనిపోయినట్టు సమాచారం లేదని 2021 జూలైలో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. మురుగు కాలువల్లో ఊపిరాడక పోయినవాళ్లు మాత్రం వేరే ఖాతాలో ఉన్నారు, ప్రమాదకరమైన శుభ్రత పని అనే పేరుతో. 1993 నుంచి జరిగిన ప్రతి మురుగు కాలువ మరణానికీ 10 లక్షలు ఇవ్వాలని 2014 మార్చిలో, దాన్ని 30 లక్షలకు పెంచుతూ 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కానీ ఆ మనిషి మా దగ్గర పనిలోనే లేడని కాంట్రాక్టరు అంటే, కాదని చూపాల్సింది ఎవరు? హాజరు పట్టీ కాంట్రాక్టరు దగ్గరే ఉంటుంది కదా.

చావు సంగతి ఇలా ఉంటే, అవయవం కోల్పోయినవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. మా ఊళ్లో వరసకు నాకు పిన్ని అయ్యే ఒకామెకు వేరుశనగ నూర్పిడి యంత్రంలో మూడు వేళ్లు పోయాయి. బ్యాంకుకు ఫారం తీసుకెళ్తే కుదరదన్నారు. నిబంధనలు చదివి చూశాను. రెండు కళ్లో, రెండు చేతులో, రెండు కాళ్లో పూర్తిగా పోతే 2 లక్షలు, ఒక కన్నో చెయ్యో కాలో పోతే లక్ష. వేళ్లకు ఏమీ లేదు. "అయితే చెయ్యి మొత్తం పోవాల్సిందేనా నాయనా?" అని ఆమె అడిగింది.

విచిత్రం ఏమిటంటే, బ్రిటిష్ వాళ్లు 1923లో చేసిన కార్మికుల నష్టపరిహార చట్టం వేళ్లను లెక్కపెట్టేది. ఒక చేతికి రెండు వేళ్లు పోతే సంపాదన శక్తిలో 20 శాతం, మూడు పోతే 30 శాతం, నాలుగు పోతే 50 శాతం నష్టంగా చూసేది. ఎడమ చేయి మోచేతి పైకి తీసేయాల్సి వచ్చిన ఒక వడ్రంగి కేసులో 1975లో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లింది. ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కనుక అది నూటికి నూరుపాళ్ల నష్టమేనని ఒప్పుకుంది. శరీరాన్ని చేసే పనితో కలిపి చూడటం అంటే ఇదీ. యంత్రాలతో సాగే వ్యవసాయ పనికీ ఆ చట్టం వర్తించేది. కానీ అక్కడ పరిహారం ఆసామి నుంచి రావాలి. ఆయన మీద కేసు వేస్తే రేపు పనికి పిలిచేదెవరు? పిన్ని కేసు వేయలేదు.

కారణం అడగని బీమా సాధ్యమేనని తెలంగాణ 2018లో రైతు బీమాతో చూపించింది. మరణం ఎలా జరిగినా 5 లక్షలు, ప్రీమియం ప్రభుత్వానిదే. అయితే పట్టా పాసుపుస్తకం ఉండాలి. తరతరాలుగా భూమికి దూరం చేసిన దళిత కూలీ, కౌలు రైతు అక్కడ గడప బయటే ఆగిపోతారు. భూమి ఉన్నవాడిని కారణం అడగరు, లేనివాడిని ప్రతి కాగితం అడుగుతారు.

బాబాసాహెబ్ 1947లో రాసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో బీమా ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉండాలని, ప్రతి వయోజనుడూ వేతనానికి తగ్గ జీవిత బీమా తీసుకునేలా రాజ్యమే చూడాలని ప్రతిపాదించారు. ఆయన దృష్టిలో బీమా రాజ్యం బాధ్యత. ఆ బాధ్యతను నేటికి అన్వయిస్తే నేను కోరేవి మూడు. ప్రభుత్వ పథకాల్లో ప్రమాదం కాదని నిరూపించే భారం కంపెనీ మీద పెట్టాలి. ఆసుపత్రి రికార్డు లేనిచోట పంచాయతీ కార్యదర్శి, ఆశా కార్యకర్త, తోటి కూలీల వాంగ్మూలాలను ఒప్పుకోవాలి. 1923 చట్టంలోని అవయవాల పట్టికను సురక్షా బీమాకూ వర్తింపజేయాలి.

అంతవరకూ చేయదగ్గ పని ఉంది. క్లెయిము తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. ముందు కంపెనీకే ఫిర్యాదు ఇవ్వండి. నెలలో న్యాయం జరగకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి ఏడాదిలోపు వెళ్లొచ్చు. అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంది. ఆలస్యం అన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమును తోసిపుచ్చకూడదని బీమా నియంత్రణ సంస్థ 2011లోనే చెప్పింది. న్యాయశాస్త్రం, సామాజిక శాస్త్రాలు చదివే మన విద్యార్థులు సెలవులకు ఊరెళ్లినప్పుడు తిరస్కరణ లేఖలు సేకరించి, వాటిలో రాసిన కారణాలను ఒకచోట చేర్చాలి. ఎవరి క్లెయిములు ఏ కాగితం దగ్గర ఆగుతున్నాయో చెప్పగలిగే లెక్క మన చేతిలో ఉంటే, పాలకులను నిలదీయడం తేలికవుతుంది.