టాప్ తీసిన బండి (మన దారి – 17వ భాగం)



పోయిన వారం గోవాలో టాప్ తీసేసిన థార్‌లో నేనూ, మా ఆవిడా, అమ్మాయీ కూర్చున్న ఫొటో ఒకటి పెట్టాను. ఆ రాత్రే ఉద్యమంలో ఇరవయ్యేళ్ళుగా నాతో తిరిగిన ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, మనవాళ్ళు మ్యాన్‌హోళ్ళలో దిగి చచ్చిపోతుంటే మనం ఇట్లాంటి ఫొటోలు పెట్టొచ్చా?" అన్నాడు. కోపంతో కాదు, బాధతోనే అడిగాడు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇది ఆ జవాబు. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు బండి సంగతి. అది అద్దె బండి. మనమే తోలుకునే అద్దె బండ్లకి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. టాక్సీ ప్లేటుకి తిరగేసి అన్నమాట. లైసెన్సు, ఆధార్ చూపించాను. డిపాజిట్ కట్టాను. బండి మీద పాత గీతలన్నీ వీడియో తీసుకున్నాను. గుడ్డ టాప్ ఎలా మడవాలో అక్కడి కుర్రాడు చూపించి, తాళం చేతిలో పెట్టాడు. పావుగంట పని.

తాళం చేతిలో పడగానే నాకు బాబాసాహెబ్ అద్దె బండ్లు గుర్తొచ్చాయి. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయన తన ప్రయాణాల గురించి రాశారు. చదవని విద్యార్థులు ఈ వారమే చదవండి, చిన్న పుస్తకం.

1901లో చిన్న పిల్లవాడు భీమ్‌రావు, అన్నతోనూ మేనళ్ళతోనూ కలిసి నాన్న దగ్గరికి బయల్దేరాడు. మసూర్ స్టేషన్లో దిగారు. మహర్ పిల్లలని తెలియగానే ఎడ్లబండి వాళ్ళెవరూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు. షరతు ఏమిటంటే బండి పిల్లలే తోలుకోవాలి, అతను పక్కన నడుస్తాడు. రాత్రి దారిలోనే గడిచింది. దారిలో తాగడానికి నీళ్ళు దొరకలేదు.

1929లో చాలీస్‌గావ్. అప్పటికి ఆయన విదేశాల్లో చదువుకొచ్చిన బారిస్టరు, ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడు. అయినా టాంగా తోలేవాడు ఆయన్ని కూర్చోబెట్టుకుని తోలనన్నాడు. బండి ఇస్తాను, నేను మాత్రం రానన్నాడు. బస్తీ మహర్లు తమలో ఒకరిని తోలమన్నారు. అలవాటు లేని చెయ్యి. కల్వర్టు దగ్గర బాబాసాహెబ్ కింద పడ్డారు, కాలు విరిగింది.

అంటే మన చరిత్రలో 'సెల్ఫ్ డ్రైవ్' అనేది సరదా కాదు, శిక్ష. కిరాయి తీసుకుంటారు, బండి ఇస్తారు, పక్కన మాత్రం కూర్చోరు. ఆ మాటకే ఇవాళ జనం ఎక్కువ డబ్బు కట్టి సంతోషపడుతున్నారు. నేనూ కట్టాను.

మూడో ప్రయాణం 1934లో. అది అచ్చంగా విహారయాత్ర. ఉద్యమ సహచరులు అలా తిరిగొద్దామని అడిగితే ఆయన ఒప్పుకున్నారు. దాదాపు ముప్పై మంది వేరూల్ గుహలు చూడ్డానికి బయల్దేరారు. దారి మన నిజాం రాజ్యంలోంచే. తామెవరో బయటపడకుండా వెళ్ళాలనుకున్నారు. ఆగబోయే చోట్ల మనవాళ్ళకి తప్ప ఎవరికీ కబురు పెట్టలేదు. దౌలతాబాద్ కోట దగ్గరికి చేరేసరికి ఒళ్ళంతా దుమ్ము. గుమ్మం ముందున్న చెరువులో కొందరు మొహాలూ కాళ్ళూ కడుక్కున్నారు. అంటరానివాళ్ళు నీళ్ళు మైల చేశారని ఒక ముసలాయన కేకలేశాడు, జనం పోగయ్యారు. చివరికి కోట చూడనిచ్చారు గానీ, లోపల నీళ్ళు ముట్టుకోకుండా కాపలాగా ఒక సాయుధ సిపాయిని వెంట పంపారు.

నన్ను ఎక్కువ కుదిపేది సిపాయి కాదు. అంతటి నాయకుడు కూడా సరదాగా తిరగాలంటే తానెవరో దాచుకుని బయల్దేరాల్సి రావడం.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. ఇది చెప్పకుండా బాబాసాహెబ్ గురించి మాత్రం చెబితే దొంగతనం అవుతుంది.

మేం పంజిం నుంచి దక్షిణానికి, కాబో ద రామా కోటకి వెళ్ళాం. సముద్రం పక్క కొండ అంచున ఉంటుంది. రాముడు వనవాసంలో ఇక్కడున్నాడని అక్కడ చెప్పుకుంటారు. టాప్ లేదు కదా, ఎండా గాలీ నేరుగా మొహానికి. దారిలో పిల్లలు చెయ్యి ఊపుతున్నారు, మేమూ ఊపుతున్నాం. మా ఆవిడ చున్నీ ఎగిరిపోకుండా పట్టుకుని నవ్వుతూనే ఉంది. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో ఆమె అంతసేపు ఊరికే నవ్వడం నేను చూడలేదు.

కోట దగ్గర మన తెలుగు వాళ్ళే ఒక కుటుంబం కలిసింది. ఆ పెద్దాయన మా ముగ్గురికీ ఫొటో తీసిపెట్టాడు. మీరు చూసిన ఫొటో అదే. "మనదేవూరండీ?" అన్నాడు. తెనాలి దగ్గరన్నాను. "తెనాలి దగ్గరంటే?" ఊరి పేరు చెప్పాను. "ఆ ఊరు నాకు బాగా తెలుసు. ఊళ్ళో ఎక్కడండీ?" అన్నాడు.

ఆ ప్రశ్న ఎక్కడికి పోతుందో మీకు తెలుసు. మీరేమిట్లని సూటిగా అడగలేక వీధి అడుగుతారు. "రామాలయం దగ్గరండి" అన్నాను.

మా ఇల్లు రామాలయం దగ్గర కాదు. ఊరికి అటు చివర, డొంక దాటాక. ఏప్రిల్ 14న పదిమందిలో మైకు పట్టుకుని అరిచే నేను, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ముందు, నా కూతురు వింటుండగా, పేట దాచేశాను. ఆయన నన్నేం చేయగలడు? ఏమీ చేయలేడు. ఆ మధ్యాహ్నం పాడవకూడదనుకున్నాను, అంతే.

తిరిగొచ్చేటప్పుడు అమ్మాయి అడిగింది, "నాన్నా, మనిల్లు రామాలయం దగ్గరెప్పుడైంది?" అని. గాలి హోరులో వినబడనట్టు ఊరుకున్నాను. వినబడింది.

అందుకే తమ్ముడూ, ఆ ఫొటో డాబుకి పెట్టింది కాదు. దాచుకున్నవాడు చేసిన చిన్న ప్రాయశ్చిత్తం. దాని కింద మా పేట పేరు రాశాను చూడు.

ఇక నువ్వడిగిన ప్రశ్న. మనవాళ్ళు చస్తుంటే మనం సరదాగా ఉండొచ్చా? మనల్ని చంపింది ఎక్కడెక్కడో ఒకసారి లెక్క తీద్దాం. చుండూరు మా ఊరికి ఎంతో దూరం కాదు. 1991లో గొడవ మొదలైంది సినిమా హాల్లో, కాలు తగిలిందని. ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. పొలం దగ్గర కాదు, కూలి దగ్గర కాదు, సినిమా దగ్గర మొదలైంది. 2018లో ఉత్తరప్రదేశ్ కాస్‌గంజ్ జిల్లాలో ఒక దళిత పెళ్ళికొడుకు తన ఊరేగింపు కోసం హైకోర్టు దాకా వెళ్ళి, చివరికి వందల మంది పోలీసుల కాపలాలో ఊరేగాడు. మన చాకిరీ ఎవరికీ ఇబ్బంది కాదు. మన సరదా ఇబ్బంది. కొత్త చొక్కా, కళ్ళజోడు, బుల్లెట్టు, గుర్రం, పెళ్ళి బ్యాండు ఇబ్బంది.

మన ఊళ్ళలో టాప్ లేని బండెక్కేది ఎవరు? ఓట్లప్పుడు నాయకుడు, పండగకి దేవుడు. ఇద్దరూ చాలాచోట్ల పేట మొదట్లోనే వెనక్కి తిరుగుతారు. జనం చూస్తుండగా తలెత్తుకుని పోవడం వాళ్ళకి హక్కు, మనకి నేరం. మనం కనబడేది రెండే రకాలుగా: శవంగా, లేకపోతే ధర్నాలో. మూడో రకంగా, అంటే ఊరికే సంతోషంగా కనబడితే మనలోనే కొందరికి తప్పుగా తోస్తోంది. ఆ తప్పు అనే భావం మనది కాదు, మనకి అంటించింది.

ఇంకో మాట. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూశారు. 1945లో ఫ్యాక్టరీ కార్మికులకి జీతంతో కూడిన సెలవు చట్టంలోకి వచ్చింది ఆయన హయాంలోనే. సెలవంటే ధనవంతుల విలాసం కాదు, పనిచేసేవాడి హక్కు. కోట చూడబోతే సిపాయిని వెంటబెట్టిన మనిషికి సెలవు విలువ తెలియదా?

అయితే నీ ప్రశ్నలో నిజం లేదనను. మాకు బండి అప్పజెప్పిన ఆ కుర్రాడికి వారంలో ఒక్క సెలవైనా ఉందో లేదో నేను అడగలేదు. మన మునిసిపాలిటీల్లో కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికురాలు జ్వరమొచ్చి మానేసినా కూలి కోసేస్తున్నారు. నాలుగు రోజులు థార్ తోలగలిగింది నా ఉద్యోగం వల్ల, ఆ ఉద్యోగం రిజర్వేషన్ వల్ల, ఆ రిజర్వేషన్ వాళ్ళందరి పోరాటం వల్ల. కాబట్టి నేను సిగ్గుపడాల్సింది బండెక్కినందుకు కాదు. బండి దిగాక వాళ్ళ సెలవు గురించి మాట్లాడకపోతే సిగ్గుపడాలి. ఈసారి మన యూనియన్ డిమాండ్లలో జీతంతో కూడిన సెలవు పైన రాయి. నేనూ వచ్చి టెంట్‌లో కూర్చుంటాను.

విద్యార్థి మిత్రులకి ఒక్క మాట. తిరగండి. రైల్లో, బస్సులో, నలుగురు కలిసి అద్దె బండిలో, ఎలా వీలైతే అలా. అప్పు చేసి మాత్రం వద్దు. ఎవరైనా ఊళ్ళో ఎక్కడని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ప్రాణానికి ప్రమాదం ఉన్నచోట దాచుకుంటే అది తప్పు కాదు, బాబాసాహెబ్‌కే తప్పలేదు. నాకు ఏ ప్రమాదమూ లేదు, అయినా దాచాను. ఆ తేడా మీకు తెలియాలనే ఇదంతా రాశాను.

నిన్న రాత్రి అమ్మాయికి చెప్పాను, ఆరోజు నాకు వినబడిందని. "తెలుసు నాన్నా" అంది.

వచ్చే భాగంలో హాస్టల్ రోజుల గురించి. జై భీమ్.