పొద్దు కుంకితే పరుగెత్తవచ్చా?

తెలుగులో వేడికి ఒకే మాట లేదు. ఎండ వేరు, వడగాలి వేరు, ఉక్కపోత వేరు. మే నెలలో అనంతపురంలో మాడ్చేది ఎండ. ఒళ్లు చుర్రుమంటుంది కానీ చెమట ఇట్టే ఆరిపోతుంది. విశాఖలోనో మచిలీపట్నంలోనో ఆకు కూడా కదలని సాయంత్రం చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది చూడండి, అది ఉక్కపోత. రాబిగ్‌లో పెరుగుతున్న మీకు ఈ మాటే ఎక్కువ అవసరం.

ఎడారి దేశం అనగానే పొడి ఎండే ఉంటుందనుకుంటారు మన ఊళ్లో చుట్టాలు. కానీ రాబిగ్ ఎర్ర సముద్రం ఒడ్డున ఉంది. వేసవిలో సముద్రం మీంచి వచ్చే గాలి తేమను మోసుకొస్తుంది. చీకటి పడ్డాక వేడి కాస్త తగ్గినా, ఉక్క తగ్గదు. అందుకే "పగలు వద్దు, రాత్రి పరుగెత్తు" అని పెద్దవాళ్లు ఇచ్చే సలహా సగమే సరైనదని నా అభిప్రాయం.

చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు. అది ఆరితేనే చల్లబడుతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు, ఊరికే కారిపోతుంది. ఒంట్లోని నీరూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం లోపలే ఉండిపోతుంది. పైగా పరుగెత్తే కాళ్లు ఇంకా వేడి పుట్టిస్తూనే ఉంటాయి.

నమ్మకం కలగలేదా? 2019లో ఖతర్ రాజధాని దోహాలో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. ఎండకు భయపడి మహిళల మారథాన్‌ను అర్ధరాత్రి మొదలుపెట్టారు. 68 మంది బయలుదేరారు. గీత దాటింది 40 మందే. వాళ్లేమీ కొత్తవాళ్లు కాదు, ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లు. ఆకాశంలో సూర్యుడే లేడు!

సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది. మీ నాన్నగారో బాబాయిగారో చెప్పే ఉంటారు. మంచి నిబంధనే. కానీ అది ఎండకు పెట్టిన గడియారం. ఉక్కకు అలాంటి గడియారం ఎవరూ పెట్టలేదు, మీరే పెట్టుకోవాలి.

పరుగు మానేయమని నేననను. బయలుదేరే ముందు ఫోన్‌లో డిగ్రీలతో పాటు తేమ శాతం కూడా చూడండి. పరుగెత్తుతూ పక్కవాళ్లతో ఒక పూర్తి వాక్యం (తెలుగులోనే!) మాట్లాడలేకపోతే వేగం తగ్గించండి. వేసవి సెలవులకు ఇండియా వెళ్లి ఆగస్టులో తిరిగొచ్చారనుకోండి, మొదటి పది పద్నాలుగు రోజులు కొంచెం కొంచెంగానే పెంచండి. శరీరానికి అలవాటు పడే టైమ్ ఇవ్వాలి కదా. దాహానికి తగ్గట్టు తాగండి. లీటర్ల కొద్దీ ఉత్త నీళ్లు తాగేస్తే ఒంట్లో ఉప్పు పలచబడిపోతుంది, అదీ ప్రమాదమే. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ ఉండనే ఉంది.

ఇక పౌరుషం సంగతి. నలుగురిలో ఆగిపోతే నవ్వుతారని లాక్కుంటూ పరుగెత్తేవాళ్లను చూస్తే నాకు భయం. వడదెబ్బ పేరులో "వడ" ఉంది కాబట్టి పగలే తగులుతుందనుకోకండి, రాత్రి కూడా తగులుతుంది. చెమట పడుతోంది కదా, ఏం కాదులే అనీ అనుకోకండి. స్నేహితుడి మాట తడబడినా, అడుగు తూలినా, ఉన్నట్టుండి తిక్కగా మాట్లాడినా అతన్ని వెంటనే ఆపండి. 997కు ఫోన్ చేసి అంబులెన్స్‌ను పిలవండి. అది వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడకండి. ఒళ్లంతా చన్నీళ్లతో తడుపుతూ విసరండి, మంచు దొరికితే మెడకూ చంకలకూ పెట్టండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో నీళ్లు పోయకండి.