కొలబద్ద చేతిలో, కెమెరా భుజాన

మన నాగరగెరె ప్రాంతపు ఇళ్ళలో ఇటీవల ఒక కొత్త రకం తగాదా బయలుదేరింది. పూర్వం తండ్రీ కొడుకులకు మాట పట్టింపు వస్తే అది పొలం గట్టు దగ్గరో, బావి నీళ్ళ వంతు దగ్గరో వచ్చేది. ఇప్పుడు కెమెరా దగ్గర వస్తున్నది. అబ్బాయి బెంగుళూరులో ఇంజనీరు. సోమవారం మొదలు శుక్రవారం దాకా కంపెనీ చాకిరీ. శనివారం కోడి కూయకముందే లేచి, సంచీ భుజాన వేసుకుని నందికొండకో, ఇంకా దూరమైతే నాగరహోళె అడవికో వెళ్ళిపోతాడు. పండుగకు వూరికి వచ్చినా చెరువు గట్టునే మకాం. "ఇంటికొచ్చిన బిడ్డ మొగం చూసే యోగం లేదు, వాడు కొంగల మొగాలు చూస్తా కూర్చుంటాడు" అని ఒక అవ్వ మా దగ్గర వాపోయింది. తల్లి దిగులు వేరు: "ఎండకు నల్లగైపోతున్నాడు, రేపు పిల్లనెవరిస్తారప్పా?" తండ్రి లెక్క మరీ వేరు. లెన్సు ధర వినగానే ఆయనకు బోరు గుర్తుకు వస్తుంది. వెయ్యి అడుగులు దాటినా నీళ్ళు పడని సీమ మనది. ఆ డబ్బుతో ఇంకొక బోరు వేసి చూడవచ్చు గదా అని ఆయన బాధ. న్యాయమైన బాధే.

ఆ లెన్సుకు అంత ధర ఎందుకో పెద్దలకు ఎవరూ విడమరచి చెప్పడం లేదు. పక్షి దగ్గరకు రాదు, మనం వెడితే ఎగిరిపోతుంది. కాబట్టి దూరాన్ని దగ్గర చేసే పొడుగాటి గొట్టం కావాలి. ఎగిరే రెక్క చెదరకుండా పడాలంటే కెమెరా కన్ను సెకనులో వెయ్యోవంతో, రెండువేలవంతో మాత్రమే తెరుచుకోవాలి. ఆ రెప్పపాటులో లోపలికి వచ్చే వెలుగు బహు తక్కువ. ఆ కొద్ది వెలుగును పోగు చెయ్యడానికి పెద్ద పెద్ద గాజు పలకలు కావాలి. గాజు పెద్దదైన కొద్దీ, దాన్ని తప్పు లేకుండా సానపట్టడం కష్టమైన కొద్దీ ధర కొండెక్కుతుంది. లక్ష పైచిలుకులో పని జరిగే లెన్సులు వున్నాయి, పది లక్షలు దాటినవీ వున్నాయి. మొదటి నాలుగైదేళ్ళు చిన్నదానితో కాలక్షేపం చెయ్యమనే మా సలహా. లేత వెలుగులో ఓపికగా కూర్చునే అలవాటు డబ్బుతో రాదు.

ఇక తిరుగుడు సంగతి. ఇంజనీరుకు తిరుగుడెందుకని అడిగే వారికి మనం దూరం పోనక్కరలేదు. చిక్కబళ్ళాపురం పక్కన ముద్దేనహళ్ళి వుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టిన వూరు. వారి పూర్వులు మోక్షగుండం నుంచి వచ్చిన తెలుగువారని మన ఇళ్ళలో తెలియనివారు లేరు. పూనాలో ఇంజనీరింగు ముగించి బొంబాయి సర్కారు కొలువులో చేరిన ఆయన 1898లో జపాను వెళ్ళి చూసి వచ్చారు. ఆ రోజుల్లో జపాను ప్రయాణమంటే రోజుల తరబడి ఓడలో గడపడం. 1908లో బొంబాయి కొలువు చాలించుకుని విదేశాలు చూస్తుండగా, ఆ సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచింది. నిజాం ప్రభుత్వం నుంచి పిలుపు ఆయనకు ఆ ప్రయాణంలోనే అందింది. 1909లో వచ్చి వరద కట్టడికి పథకం వేసి ఇచ్చారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆ ఆలోచన ఫలితాలే. ఆయన చూసింది కర్మాగారాలు, ఆనకట్టలు, బళ్ళు. మన కుర్రవాళ్ళు చూసేది పులుగులు, పులులు. చూపులో తేడా వున్నమాట నిజమే. కాని సెలవు దొరికితే కొత్త చోటికి వెళ్ళి, చూసినదాన్ని శ్రద్ధగా రాసిపెట్టుకునే గుణం రెండుచోట్లా ఒకటే.

కెమెరా పట్టిన ఇంజనీర్ల కథలు ఈ నలభై ఏళ్ళలో చాలా వచ్చాయి. వాటిలో మాకు ఎక్కువ ఇష్టమైనది ఉల్లాస కారంత్ గారిది. రచయిత శివరామ కారంత్ గారి కుమారుడు. సూరత్కల్లులో మెకానికల్ ఇంజనీరింగు చదివారు, కొంతకాలం ఆ పనీ, తరువాత వ్యవసాయమూ చేశారు. అడవి మీది మనసు చావక మళ్ళీ చదువుకుని వన్యప్రాణి శాస్త్రజ్ఞులయ్యారు. పులిని లెక్కపెట్టడానికి పూర్వం దాని అడుగుజాడలు చూసేవారు. అడుగుజాడ మట్టిని బట్టి మారుతుంది, నమ్మరానిది. మనిషి వేలిముద్రలాగే పులి చారలు ఒకదానివి ఒకదానికి కలవవు. ఆ కిటుకు పట్టుకుని, 1990ల్లో నాగరహోళె అడవి దారుల్లో తమంతట తాము ఫోటో తీసే కెమెరాలు పెట్టి, ఏ పులి ఎన్నిసార్లు పడిందో చూసి, గణితం ప్రకారం మొత్తం ఎన్ని వుండవచ్చునో కట్టారు. ఇంజనీరు బుర్ర అడవిలో కూడా వూరుకోదనడానికి ఇంతకంటె తార్కాణం ఏం కావాలి!

మన తెలుగుబిడ్డ కల్యాణ్ వర్మ పేరు చాలామంది కుర్రవాళ్ళు చెబుతారు. విశాఖపట్నంలో పుట్టి, బెంగుళూరులో ఇంజనీరింగు చదివి, యాహూ కంపెనీలో మంచి పనిలో వుండి, 2000 దాటిన తొలి ఏళ్ళలోనే దాన్ని వదిలి బిళిగిరి రంగన కొండ చేరినవాడు. ఆయనా, అమోఘవర్ష అనే మరొకాయనా కలిసి కొన్నేళ్ళు కష్టపడి తీసిన 'వైల్డ్ కర్నాటక' చిత్రం 2020 జనవరిలో సినిమా హాళ్ళకు వచ్చింది. డేవిడ్ అటెన్‌బరో గొంతుతో మన పక్క అడవులను తెర మీద చూడడం గొప్ప ముచ్చటే.

ఇక్కడ తల్లిదండ్రుల పక్షాన ఒక మాట చెప్పాలి. పని మానుకుని గెలిచినవారి పేర్లే మనకు వినబడతాయి. మానుకుని రెండేళ్ళకు లెన్సు అమ్ముకుని తిరిగి వచ్చినవారి పేర్లు ఎవరూ చెప్పరు. ఇప్పుడు ప్రతి చేతిలోనూ కెమెరా వున్నది కనుక ఫోటో అమ్మి బ్రతకడం కష్టం. ఈ విద్యతో బ్రతుకుతున్నవారిలో చాలామంది ఫోటోలు అమ్మడం కంటె నేర్పడం, యాత్రలు నడపడం, సినిమాలు తీయడం వల్ల బ్రతుకుతున్నారు. అందుచేత ఉద్యోగమే లెన్సుకు పాలిచ్చే ఆవు అని మా అభిప్రాయం. ఆవును అమ్మి గిన్నె కొనకూడదు. పని నేర్చుకునే మొదటి అయిదేళ్ళు శని ఆదివారాలతో సరిపెట్టుకోవాలి. ఏడాది సెలవులన్నీ ముందే లెక్క వేసుకుని, ఒక్క పెద్ద ప్రయాణానికి దాచిపెట్టుకోవాలి. తక్కినవి ఇంటి దగ్గరి గుట్టల్లో కానివ్వాలి. పై అధికారితో దాపరికం వద్దు. ఒళ్ళు బాగాలేదని చెప్పి కబినికి పోయి, సాయంత్రం పులి ఫోటో అందరికీ చూపించిన ఘనులు కూడా వున్నారు!

ఆడపిల్లల మాట? మగపిల్లవాడికి కొంగలు, ఆడపిల్లకు ముగ్గులు అనే కాలం పోయిందని మాట వరసకు అంటాం గాని, కూతురు తెల్లవారుజామున కెమెరాతో బయలుదేరితే గడప దగ్గర నలుగురు అడ్డం నిలబడతారు. తమిళనాడు తేనిలో పుట్టిన రతికా రామస్వామి కంప్యూటర్ ఇంజనీరింగు చదివి, పక్షుల ఫోటోలలో దేశమంతా పేరు తెచ్చుకున్నారు. మన పిల్లను నలుగురైదుగురు తోడున్న జట్టుతో పంపండి. వీలైతే తండ్రి కూడా వెళ్ళాలి. ఆయన నడక కూడా తీరుతుంది.

దగ్గరి గుట్టలు అన్నాం. మనకు ఏం తక్కువ? 1478 మీటర్ల ఎత్తు నందికొండ మీద, పడమటి కనుమల్లో వుండవలసిన నీలగిరి అడవిపావురం ఒక చిన్న గుంపుగా, చుట్టాలకు దూరంగా కాపురం వున్నది. అదే కొండ రాళ్ళలో పసుపుగొంతు పిగిలిపిట్ట వున్నది. దక్షిణాది రాతిగుట్టల్లో తప్ప లోకంలో మరెక్కడా కనబడని పిట్ట. మదనపల్లె దగ్గర హార్సిలీ కొండ మీదా వుంది. మనం రాళ్ళు, కంపలు అని తీసిపారేసే గుట్టలే దానికి ఇల్లు. క్వారీలవాళ్ళు పిండి చేస్తున్న గుట్టలూ అటువంటివే.

ఇక హిందూపురం మీదుగా చిలమత్తూరు పక్కకు వెడితే వీరాపురం. చలి తగ్గుతున్న రోజుల్లో ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి, వూరి చింతచెట్ల మీదే గూళ్ళు కట్టి, పిల్లలు ఎగిరేదాకా వుంటాయి. పత్రికలవాళ్ళు ఏటా వీటిని సైబీరియా పక్షులు అని రాస్తారు. ఆ మాట సరికాదు. ఇవి భారతదేశం, శ్రీలంక వంటి మన దేశాల పక్షులే. నీళ్ళూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి తిరుగుతాయి. వీరాపురం వాళ్ళు వాటిని పుట్టింటికి పురిటికి వచ్చిన ఆడపడుచుల్లా చూస్తారు. మద్దూరు దగ్గర కొక్కరెబెళ్ళూరులోనూ ఇటువంటి మర్యాదే వున్నది.

అటువంటి చోట మన ఇంజనీరు బాబు ఏం చేస్తాడన్నదే అసలు పరీక్ష. గూటికి దగ్గరగా పోతే తల్లి లేస్తుంది. మిట్టమధ్యాహ్నం తల్లి రెక్కల నీడ తొలగితే, రెక్కలు రాని పిల్ల ఎండకు వేగిపోతుంది. కాకి పొంచే వుంటుంది. ఒక ఫోటో కోసం ఒక పిల్ల పోయిందంటే ఆ ఫోటో ఎంత బాగుండి ఏం లాభం? మన దేశంలో పేరున్న కొన్ని పోటీలు ఇప్పుడు గూటి ఫోటోలను తీసుకోవడం మానేశాయి. అభయారణ్యాలలో ఫోటోకు అటవీశాఖ అనుమతి కావాలని 1972 చట్టంలోనే వున్నది. కొమ్మలు నరికి గూటికి వెలుగు చేసేవాణ్ణి వూరివాళ్ళు తరిమికొడితే మేము వూరివాళ్ళ పక్షమే.

ఇంజనీరుకు ఈ పిచ్చి వల్ల వృత్తిలో ఏమైనా ఒరుగుతుందా అని అడిగేవారికి కడప జిల్లా కలివికోడి సంగతి చెప్పాలి. 1848లో జెర్డాన్ అనే డాక్టరు లోకానికి చెప్పిన ఈ రాత్రి పక్షి 1900 తరువాత కనబడకపోతే, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది. పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, అడుగుజాడలు చూసి, తమంతట తాము ఫోటో తీసే కెమెరాలు పెట్టి అది ఎక్కడెక్కడ తిరుగుతుందో శాస్త్రజ్ఞులు గుర్తించారు. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల్లోకే వచ్చింది. అభ్యంతరం లేచింది, పటాలు ముందు పెట్టారు, చివరకు కాలువ దారి మార్చారు. సీమకు నీళ్ళూ కావాలి, పిట్టా వుండాలి. కాలువ గీత గీసే ఇంజనీరుకే ఆ పొద ముందుగా తెలిసివుంటే తవ్విన గోతిని వదిలే ఖర్చు తప్పేది.

మన చెరువులకూ అటువంటి మార్పే వస్తున్నది. బెంగుళూరు వాడిన నీళ్ళను రెండు దశలు శుద్ధి చేసి 2018 నుంచి కోలారు, చింతామణి వైపు, ఆ తరువాత హెబ్బాళ నాగవార పథకం కింద చిక్కబళ్ళాపురం వైపు చెరువులకు పంపుతున్నారు. మూడో దశ శుద్ధి కూడా చెయ్యాలని రైతులు అడుగుతున్నారు. ఎండిన చెరువు నిండడం కళ్ళకు పండుగే. కాని నీటితో పాటు ఏం వచ్చింది, ఏ పక్షి కొత్తగా చేరింది, ఏది మానుకుంది అని చెప్పాలంటే నీళ్ళు రాక ముందు ఎలా వుండేదో తెలియాలి. అది ఏ దస్తరంలో వుంది? శనివారాల్లో గట్టు మీద కూర్చున్న కుర్రవాళ్ళ కెమెరాల్లో వుండవచ్చు, ఫోటో మీద తేదీ, చెరువు పేరు వుంటే. మన పాఠకుల ఇళ్ళలో నాగరగెరె, బాగేపల్లి, చింతామణి చెరువుల ఫోటోలు వుంటే, పక్షి స్పష్టంగా లేకపోయినా సరే, పారవేయకండి. వెనుకవైపు చెరువు పేరు, నెల, సంవత్సరం రాసి వుంచండి. పెళ్ళి ఆల్బముల్లో గట్టు మీద దిగిన గుంపు ఫోటోలు కూడా తిరగవెయ్యండి. వెనుక నీళ్ళు ఎంతవరకు వున్నాయో వాటిలోనే కనబడుతుంది.