మూడు నెలల లెక్కకు సంస్థను తాకట్టు పెట్టవద్దు

స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీలు సాధారణంగా మూడు నెలలకొకసారి ఫలితాలు ప్రకటించాలన్నది మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. పారదర్శకతకు అది అవసరమే. అయితే ముఖ్య కార్యనిర్వహణాధికారి, అంటే సీఈవో, జీతమూ పదవీ ఆ అంకెల మీదే ఆధారపడినప్పుడు, ఫలితం ఏళ్ల తర్వాత గాని కనబడని పరిశోధన, శిక్షణ, యంత్రాల మరమ్మతు వంటి ఖర్చులకే ముందుగా కత్తెర పడుతుంది.

మహిళలు సారథ్యం వహిస్తే ఈ హ్రస్వదృష్టి దానంతట అదే తొలగుతుందని కొందరి వాదన. ఓర్పును స్త్రీ సహజగుణంగా పొగడడం సమాజానికి పాత అలవాటే గాని, కంపెనీ పాలనకు ఆ పొగడ్త పునాది కాజాలదు. యూనిలీవర్‌లో త్రైమాసిక లాభాల ముందస్తు అంచనాలను 2009లో ఆపివేసిన అప్పటి సీఈవో పాల్ పోల్‌మన్ పురుషుడే. చెన్నైలో పుట్టి, 2006 నుంచి 2018 వరకు పెప్సీకో సీఈవోగా పనిచేసిన ఇంద్రా నూయీ, చక్కెర, ఉప్పు తక్కువగా ఉండే ఉత్పత్తుల వైపు సంస్థను మళ్లిస్తున్న కాలంలో, నెల్సన్ పెల్ట్జ్‌కు చెందిన ట్రయాన్ అనే మదుపు సంస్థ 2013లో చిరుతిళ్ల వ్యాపారాన్ని, శీతలపానీయాల వ్యాపారాన్ని విడగొట్టాలని పట్టుబట్టింది. నూయీ ససేమిరా అన్నారు, బోర్డు ఆమె వెంట నిలిచింది, 2016లో ట్రయాన్ తన వాటాలు అమ్ముకుని తప్పుకుంది. ఆమె పట్టుదల ఎంత ముఖ్యమో, బోర్డు ఇచ్చిన పన్నెండేళ్ల వ్యవధీ అంతే ముఖ్యం.

ఆ వ్యవధి అందరికీ దక్కదు. బ్రిటన్ కంపెనీలను పరిశీలించిన పరిశోధకులు మిషెల్ రయాన్, అలెక్స్ హాస్లమ్ 2005లో 'గాజు కొండఅంచు' అనే భావనను ప్రతిపాదించారు: సంస్థ పరిస్థితి దిగజారిన తరుణంలోనే మహిళలకు ఉన్నత పదవులు అప్పగించే ధోరణికి అది పేరు. మునుగుతున్న సంస్థను అందుకున్న వ్యక్తి వచ్చే త్రైమాసికం గురించి గాక వచ్చే దశాబ్దం గురించి ఎలా ఆలోచించగలరు?

పరిష్కారానికి నమూనా దేశంలోనే ఉంది. ప్రైవేటు బ్యాంకుల సీఈవోలకు పనితీరును బట్టి ఇచ్చే చరవేతనంలో కనీసం 60 శాతాన్ని కనీసం మూడేళ్లపాటు వాయిదా వేయాలని, తర్వాత లోపం బయటపడితే దానిని నిలిపివేసే, వెనక్కి రాబట్టే వీలు ఉండాలని రిజర్వు బ్యాంకు 2019లో ఆదేశించింది. సెబీ ఈ పద్ధతిని నమోదైన కంపెనీలన్నిటికీ విస్తరించాలి. 2013 కంపెనీల చట్టం బోర్డులో కనీసం ఒక మహిళా డైరెక్టరు ఉండాలన్నదే గాని సీఈవో పీఠం జోలికి పోలేదు. కాబట్టి బోర్డుల్లోని నామినేషన్, వేతనాల కమిటీలు కంపెనీ నిలకడగా ఉన్నప్పుడే వారసత్వ జాబితాలో మహిళలను చేర్చి, ఎంపికైన వారికి కనీసం ఐదేళ్ల గడువు ఇవ్వాలి.

సీఈవో మేనేజింగ్ డైరెక్టరు కూడా అయినచోట ఆ నియామకానికి, వేతనానికి వాటాదారుల ఆమోదం తప్పనిసరి. వాటాదారులారా! వార్షిక సమావేశానికి ముందు ఈ-ఓటింగ్ కనీసం మూడు రోజులు తెరిచి ఉంటుంది. వేతన తీర్మానాన్ని చదవండి, వాయిదా నిబంధన లేకుంటే వ్యతిరేకంగా ఓటు వేయండి.