తెలుసుకుందాం: కప్పు కనిపిస్తుంది, గుమ్మం కనిపించదు



మన ఊళ్ళలో ఇంటి గుర్తు చెప్పడం తేలిక. "రామాలయం దాటాక కుడివైపు సందు, వేపచెట్టున్న ఇల్లు" అంటే సరిపోతుంది. దోహా ఇండస్ట్రియల్ ఏరియాకు దగ్గరలో ఉన్న బర్వా అల్ బరాహాలో ఈ పద్ధతి సాగదు. 50,000 మందికి పైగా కార్మికుల కోసం కట్టిన నివాసాలవి. ఒకదాన్ని పోలిన భవనం మరొకటి, వరసలు వరసలుగా ఉంటాయి. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి కూలి పనులకు గల్ఫ్ దేశాలకు వచ్చిన మనవాళ్ళు ఎందరో ఇలాంటి చోట్లే ఉంటారు. ఇటువంటి చోటుకు పటం ఎలా గీస్తారో ఈ నెల చూద్దాం.

2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ప్రపంచ పటంలో ఎవరైనా ఇంట్లో కూర్చునే గీయవచ్చు. ఆకాశం నుంచి తీసిన తన బింగ్ ఛాయాచిత్రాలను మైక్రోసాఫ్ట్ సంస్థ 2010 చివర ఇందుకు వాడుకోనిచ్చింది. చిత్రం మీద భవనం మూలలను ఒక్కొక్కటిగా గుర్తించి గీతతో కలపడమే పని. చుక్కలు కలిపి ముగ్గు వేయడం వచ్చినవారికి ఇది కష్టం కాదు.

అయితే ఒక చిక్కుంది. చిత్రంలో కనిపించేది కప్పు. పటంలో ఉండవలసింది గోడ నేలను తాకే చోటు. కెమెరా నిట్టనిలువుగా కాక 20 డిగ్రీలు ఏటవాలుగా చూస్తే, 15 మీటర్ల ఎత్తున్న భవనం కప్పు పునాదికి సుమారు ఐదున్నర మీటర్లు పక్కకు ఒరిగినట్టు కనిపిస్తుంది. కనుక ముందు కప్పును గీసి, ఆ ఆకారాన్ని చెదరనీయకుండా గోడ అడుక్కి జరపాలి. మండువా లోగిలిలాగా మధ్యలో ఖాళీ ఉంటే లోపలి అంచునూ విడిగా గీయాలి. లేకపోతే ఆరుబయలు కూడా భవనంలో కలిసిపోతుంది.

నీడ సంగతీ చూసుకోవాలి. అదే భవనం నీడ దోహాలో జూన్ 21 మిట్టమధ్యాహ్నం అర మీటరుంటే, డిసెంబరు 21న 17 మీటర్లుంటుంది. నీడను గోడ అనుకోకూడదు. కాని ఎత్తు అంచనా కట్టడానికి ఆ నీడే పనికివస్తుంది.

ఇప్పుడు ఈ గీతలు యంత్రాలు కూడా గీస్తున్నాయి. గూగుల్ సంస్థ 2021లో ఆఫ్రికా ఖండంలోని భవనాల ఆకారాలను ఇలాగే విడుదల చేసి, తర్వాత దక్షిణాసియాకు విస్తరించింది. మన దేశంలో 2020లో మొదలైన స్వామిత్వ పథకంలో డ్రోన్లతో పల్లెల్లోని ఇళ్ళను కొలిచి యజమానులకు ఆస్తి కార్డులు ఇస్తున్నారు. అక్కడ ఇంటి గీత వెనుక యజమాని పేరుంది. కార్మికుల నివాసంలో గీత ఎంత సరిగ్గా గీసినా లోపల ఎవరున్నారో పటం చెప్పదు.

అర్ధరాత్రి ఒకరికి గుండెనొప్పి వస్తే 999కి ఫోను చేసి ఏమని చెప్పాలి? ఖతార్‌లో భవనాలకు నీలం పలక ఉంటుంది. దాని మీద జోన్, వీధి, భవనం అని మూడు నంబర్లుంటాయి. ఆ మూడూ చెబితే అంబులెన్సు నేరుగా వస్తుంది. ఆ పలక ఉండేది గోడకు. ఆకాశం నుంచి ఎంత మంచి కెమెరా చూసినా దానికి కప్పే తప్ప పలక చిక్కదు. అది చదవగలిగేది అక్కడ నివసించే మనిషే.

మనకు కార్లున్నాయి, కంప్యూటర్లున్నాయి. మన కార్యక్రమాలకు కుర్చీలు వేసే తమ్ముళ్ళను, ఆఫీసులో టీ ఇచ్చే అన్నను "మీదే ఊరు?" అని ఆప్యాయంగా అడుగుతాం. "ఇక్కడ ఎక్కడుంటున్నారు?" అని అడిగేవాళ్ళం తక్కువ. ఈ శుక్రవారం అడగండి. పలక మీది మూడు నంబర్లు ఫోనులో రాసుకోమనండి. మీరూ రాసుకోండి. చదువు రానివారికి ఆ మూడూ ఇంగ్లీషులో ఎలా పలకాలో నేర్పండి. గది తలుపు వెనక తెలుగులో ఒక చీటీ రాసి అంటించమనండి, పక్క మంచం మనిషికి అక్కరకొస్తుంది.