కర్మ పేరిట నింద ధర్మమా?

హీమోఫీలియా అరుదైన రక్తవ్యాధి. రక్తం గడ్డకట్టుటకు ఆవశ్యకమైన ఎనిమిదవ ఫ్యాక్టర్ లోపిస్తే 'ఏ' రకమనీ, తొమ్మిదవది లోపిస్తే 'బి' రకమనీ వ్యవహరిస్తారు. మొదటి రకం సుమారు 5000 మంది మగశిశువులలో ఒకరికి సంభవిస్తుంది. ఇందులో బాహ్యగాయం కన్నా అంతఃస్రావమే అధిక దుఃఖకారకం. వ్యాధి తీవ్రమైన వారిలో దెబ్బ తగలకుండానే మోకాలో, చీలమండో, మోచేయో వాచిపోతుంది. అది పునరావృతమైతే కీలు శిథిలమై, యౌవనంలోనే నడక కుంటుపడుతుంది.

ఈ వ్యథకు లోకం మరొక వ్యథను జోడిస్తున్నది: "పూర్వజన్మ పాపం" అనే మాట. లోపం తల్లి నుండి సంక్రమిస్తుందని వినగానే ఆ నింద ఆమె శిరస్సుపై పడుతుంది. నిజానికి సుమారు మూడవ వంతు రోగుల కుటుంబాలలో ఈ వ్యాధి పూర్వం ఎవరికీ ఉండదు.

కర్మసిద్ధాంతం సాధకుడు తన్ను తాను చూచుకొనే అద్దం. పరుల దుఃఖాన్ని తూచే త్రాసు కాదు. కర్మగతి గహనమని గీతాచార్యుడే పలికినప్పుడు, పొరుగింటి తల్లి పూర్వజన్మను నిర్ణయించే అధికారం ఎవరికున్నది?

"అంతా ప్రారబ్ధమైతే చికిత్స ఎందుకు?" అని కొందరంటారు. చరకసంహిత ఆయుర్దాయ విషయంలో దైవంతో పాటు పురుషకారాన్నీ అంగీకరించింది. నేడు ఆ పురుషకారానికి మార్గమున్నది. స్రావం మొదలైన పిమ్మట ఆసుపత్రికి పరుగెత్తుట కన్నా, బాల్యం నుండే క్రమంగా ఫ్యాక్టర్ ఇచ్చి దానిని నివారించుట మేలు; కీళ్ళు నిలుస్తాయి, చదువు సాగుతుంది. ఆ ఔషధం ఖరీదైనది గనుక దానిని అందరికీ అందించుట సమాజధర్మం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం హీమోఫీలియాను వైకల్యంగా గుర్తించింది.

గృహస్థులకూ కర్తవ్యమున్నది. వ్యాధి ఉన్న శిశువుకు కర్ణవేధ తలపెట్టే ముందు వైద్యుని సంప్రదించాలి. ముహూర్తం దాటిపోతుందన్న భయం కన్నా శిశురక్షణ గొప్పది. స్వయంగా ఆస్పిరిన్ వంటి మాత్రలు ఇవ్వరాదు. వాచిన మోకాలితో ప్రదక్షిణ చేయలేని యువకునికి ఆలయంలో కూర్చొనుటకు పీట చూపాలి. మానసపూజను శ్రేష్ఠమని బోధించే సంప్రదాయానికి ఇది కష్టమా?

ఎదుటివాని బాధకు కారణం వెదకువాడు తార్కికుడు కావచ్చు. ఆ బాధను తగ్గించుటకు లేచినవాడే భక్తుడు.