పట్టిన రొయ్యకు లెక్కుంది, పట్టినవాడికి లేదు

కౌలు రైతు పండించిన ధాన్యం భూమి యజమాని పేరున నమోదైతే ఏమవుతుందో మన సభ్యులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. చెమట ఒకరిది, పరిహారం ఇంకొకరిది. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం తీరాన రొయ్యలు, పీతలు పట్టి బతికే మత్స్యకారుడి గోడు కూడా ఇదే. అందుకే ఈ నెల పొలం గట్టు దాటి ఒడ్డు సంగతి మాట్లాడుతున్నాం.

సముద్రంలో ఎంత రొయ్య ఉందో దిగి లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. ఒడ్డుకు చేరిన సరుకును బట్టే అంచనా కట్టాలి. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ దశాబ్దాలుగా ఆ పని చేస్తోంది. ఎంపిక చేసిన రేవుల్లో, ఎంపిక చేసిన రోజుల్లో పడవలు తెచ్చిన సరుకు చూసి మొత్తానికి లెక్క వేస్తారు. పంట కోత ప్రయోగాలు చూసిన రైతుకు ఇది తెలిసిన పద్ధతే. పద్ధతితో మాకు తగాదా లేదు. ఆ అంకెల్ని పాలకులు ఎలా చదువుతున్నారు, వాటి భారం ఎవరి నెత్తిన పెడుతున్నారు అన్నదే మా తగాదా.

వంద బస్తాలు పండాయంటే, ఎన్ని ఎకరాల్లో అని అడుగుతాం. వేటకూ అంతే. నిరుడు ఐదు గంటల్లో దొరికిన సరుకు ఈ ఏడు పది గంటలకు గానీ దొరక్కపోతే, కాటా మీద బరువు మారదు. కానీ సముద్రంలో సరుకు తరిగినట్టే. పడవలెన్ని, గంటలెన్ని, ఏ వల అన్నది పక్కన రాయని టన్నుల లెక్క మోసం చేస్తుంది. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో కాడ్ చేప విషయంలో జరిగింది ఇదే. పెద్ద ఓడలు మంచి యంత్రాలతో గుంపుల్ని వెతికి పట్టాయి. ఆ అంకెలు చూసి చేప పుష్కలమనుకున్నారు. తగ్గిపోతోందని ఒడ్డు దగ్గర వేటాడే చిన్న మత్స్యకారులు మొత్తుకున్నా వినలేదు. 1992లో వేటనే నిషేధించాల్సి వచ్చింది, వేల కుటుంబాలు రోడ్డున పడ్డాయి.

రొయ్యకు ఇంకో ఆనవాలుంది. అది కౌంట్. కిలోకు 30 తూగేది 60కి దిగితే, పెరగక ముందే పట్టేస్తున్నారేమోనని అనుమానించాలి. ఆ సమాచారం కొనుగోలుదారు బిల్లులోనే ఉంది. ఐరోపాకు పంపే సముద్రపు సరుకుకు 2010 నుంచి వేట ధ్రువపత్రం తప్పనిసరి. ఎగుమతి కోసం కాగితం పుట్టించగలిగినవాళ్లు, అదే కాగితం మత్స్యకార గ్రామానికి ఎందుకు చూపించరు?

సరుకు ఎక్కడ దిగితే లెక్క అక్కడిది. మన తీరానికి ఎదురుగా వేటాడిన విశాఖ మరబోటు సరుకు విశాఖ హార్బరు ఖాతాలో పడుతుంది. ఇక్కడ హార్బరు లేక మన జిల్లాల యువకులు గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోతున్నారు. వాళ్లు పట్టింది గుజరాత్ ఖాతాలో పడుతుంది. 2018లో పాకిస్తాన్ చెరలో పడి 2020 జనవరి దాకా మగ్గినవాళ్లు మాత్రం మన ఉత్తరాంధ్ర బిడ్డలే! పైగా చెరువుల్లో పెంచిన వెనామీని కలిపి రొయ్యల ఉత్పత్తి పెరిగిందని చప్పట్లు కొడతారు. ఆ సందడిలో సముద్రపు రొయ్య సంగతి ఎవరికి పడుతుంది?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట విరామాన్ని మేము వ్యతిరేకించడం లేదు. విత్తనం మిగలాలని రైతుకు ఒకరు చెప్పాలా? కానీ ఆ విరామం వల్ల మన తీరంలో ఏ రొయ్య, ఏ పీత ఎంత పెరిగిందో మనకు చెప్పాలి.

మత్స్యకారులు నిజం చెప్పరని అధికారులు అంటారు. చెబితే ఆంక్షలే తప్ప ఫలం లేనప్పుడు ఎవరు చెబుతారు? కేరళలో కొల్లం దగ్గరి అష్టముడి సరస్సు చూడండి. గుల్లలు తరిగిపోతే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేట ఆపారు, చిన్న కన్నుల వలలు మానారు. శాస్త్రవేత్తలు, గుల్లలు తీసేవాళ్లు కలిసి కూర్చున్నారు. 2014లో ఆ గుల్లల వేటకు అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. నిర్ణయంలో చోటుంటే లెక్క దానంతటదే వస్తుంది.

మేము కోరుతున్నవి ఇవీ:

1. కళింగపట్నం వంటి చిన్న రేవుల్లో రకం, కౌంట్, వేట గంటలు, వల వివరాలతో లెక్క రాయాలి. ఆ పని ఊరి చదువుకున్న పిల్లలకే జీతమిచ్చి అప్పగించాలి.

2. సరుకు దిగిన చోటుతో పాటు పట్టిన చోటు కూడా నమోదు చేయాలి.

3. సముద్రపు రొయ్య, చెరువు రొయ్య లెక్కలు విడివిడిగా ప్రకటించాలి.

4. ఏటా ఆ లెక్కలు తెలుగులో గ్రామసభ ముందు పెట్టాకే కొత్త ఆంక్షల మాట ఎత్తాలి.

ప్రభుత్వం కదిలేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. జూన్ 15న వేట మొదలైన నాటి నుంచే ప్రతి పడవకూ ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎన్ని గంటలు, ఏ వల, ఎన్ని కిలోలు, ఏ కౌంట్ అన్నది రోజూ రాయండి. రేపు అధికారి తన అంకె చూపించినప్పుడు, మన అంకె మన చేతిలో ఉండాలి.